రెండో పాయింట్ గార్డ్ కోసం ఒక ట్రేడ్: ఎరిక్ మేనర్ కేస్ స్టడీ

బాస్కెట్‌బాల్ కోచ్‌గా నేను ఓడిపోయిన మ్యాచ్‌లు గుర్తు చేసుకుంటే చాలావాటిలో ఒకే రకం ఘట్టం కనిపిస్తుంది. మా పాయింట్ గార్డ్, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆటని నడిపేవాడు, బెంచ్ మీద ఉంటాడు. బంతి ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. ఆ ఆరేడు నిమిషాల్లో మ్యాచ్ జారిపోతుంది.

అలాంటిదొకటి చెప్తాను. మూడో క్వార్టర్ మధ్యలో మా పాయింట్ గార్డ్‌కి నాలుగో ఫౌల్ పడింది. ఇంకొకటి పడితే బయటికే, కాబట్టి కూర్చోబెట్టాను. అతని బదులు దిగిన కుర్రాడు మంచి షూటర్. బంతి తీసుకురావడం మాత్రం అతని పని కాదు. అవతలి కోచ్ ఇలా చెయ్యి ఊపాడో లేదో, వాళ్లు కోర్టు అంతా ప్రెస్, అంటే మీద పడి బంతిని అడ్డుకోవడం, మొదలుపెట్టారు. మావాడు బంతి కొడుతూ బంతినే చూస్తున్నాడు, తల ఎత్తడం లేదు. సైడ్‌లైన్ దగ్గర ఇద్దరు చుట్టుముట్టారు. సగం కోర్టు దాటడానికి ఉండే ఎనిమిది సెకన్లు అయిపోయి విజిల్ పడింది. మరుసటిసారి పాస్ నేరుగా ఎదుటివాళ్ల చేతుల్లోకి వెళ్లింది. టైమౌట్ తీసుకుని వాడి చెయ్యి పట్టుకుంటే ఐసులా చల్లగా ఉంది. "ఎవరూ కనబడలేదు సార్" అన్నాడు. ఆ పనికి తయారు చెయ్యకుండానే వాణ్ణి ఆ పనిలో నిలబెట్టాను. తప్పు పూర్తిగా నాది.

ఆ తర్వాత ఈ విషయం నన్ను వదల్లేదు. స్టార్ పాయింట్ గార్డ్ ఉన్న పెద్ద జట్లు రెండోవాడి గురించి ఎలా ఆలోచిస్తాయి, ఎప్పుడు తెచ్చుకుంటాయి, ఎంత ఇస్తాయి? జట్లు ఆటగాళ్లని మార్చుకున్న పాత ట్రేడ్‌లు ఒక్కొక్కటీ తిరగేస్తూ పోతే ఒక దగ్గర ఆగిపోయాను. 2009 డిసెంబర్ 22న అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ థండర్, యూటా జాజ్ జట్ల మధ్య జరిగిన ట్రేడ్ అది. పేపర్లో రెండు లైన్ల వార్త. నా దృష్టిలో మాత్రం బ్యాకప్ పాయింట్ గార్డ్ గురించి తెలుసుకోవాల్సిన సంగతులు చాలావరకు అందులోనే ఉన్నాయి.

జరిగింది ఇది. జాజ్ తన కొత్త పాయింట్ గార్డ్ ఎరిక్ మేనర్‌ని, గాయాలతో ఆటకి దూరమైన మాట్ హార్‌ప్రింగ్‌ని థండర్‌కి ఇచ్చింది. బదులుగా పుచ్చుకున్నది పీటర్ ఫేసె అనే జర్మన్ ఆటగాడి డ్రాఫ్ట్ హక్కులు. డ్రాఫ్ట్ అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం; ఎంచుకున్నవాడు లీగ్‌కి వస్తే అతని హక్కులున్న జట్టుకే ఆడాలి. ఫేసెని 2002 డ్రాఫ్ట్‌లో 49వ నంబర్ దగ్గర సియాటెల్ జట్టు తీసుకుంది. ఆ జట్టే 2008లో ఓక్లహోమా సిటీకి మారి థండర్ అయింది. ఫేసె ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంటే ఆట లెక్కలో చూస్తే థండర్ ఇచ్చింది దాదాపు సున్నా. అందుకు బదులు ఆర్నెల్ల కిందట మొదటి రౌండ్‌లో 20వ నంబర్ దగ్గర ఎంపికైన పాయింట్ గార్డ్ చేతికొచ్చాడు.

థండర్‌కి ఏం లోటు ఉందని

2008-09 సీజన్లో థండర్ 23 మ్యాచ్‌లు గెలిచి 59 ఓడింది. ఆ సీజన్ మొదటి 13 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచాక పీజే కార్లెసిమోని తీసేసి స్కాట్ బ్రూక్స్‌ని కోచ్ చేశారు. ఈ బ్రూక్స్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా ఎన్‌బీఏలో పదేళ్లు నెట్టుకొచ్చినవాడు. అందులో ఎక్కువ కాలం ఆడింది బ్యాకప్ పాయింట్ గార్డ్‌గానే. 1994లో ఛాంపియన్ అయిన హ్యూస్టన్ జట్టులో ఉన్నాడు. బెంచ్ మీద నుంచి లేచి వచ్చి పది నిమిషాలు జట్టుని నిలబెట్టడం ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ కేసులో ఇది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

జట్టులో కెవిన్ డ్యురాంట్ ఉన్నాడు, రస్సెల్ వెస్ట్‌బ్రుక్ ఉన్నాడు, కొత్తగా వచ్చిన జేమ్స్ హార్డెన్, సెర్జ్ ఇబాకా ఉన్నారు. వెస్ట్‌బ్రుక్‌ని 2008లో 4వ నంబర్ దగ్గర తీసుకున్నప్పుడే అసలు ఇతను పాయింట్ గార్డేనా అన్న చర్చ నడిచింది. వేగం, దూకుడు, బలం అన్నీ ఉన్నాయి. బంతిని అదుపులో పెట్టి ఆటని నెమ్మదించడం మాత్రం ఇంకా నేర్చుకుంటున్నాడు. ఆయన కోసమే అన్నట్టు 2009లో మారిస్ చీక్స్‌ని అసిస్టెంట్ కోచ్‌గా తెచ్చారు. చీక్స్ తన కాలంలో గొప్ప పాయింట్ గార్డ్.

వెస్ట్‌బ్రుక్ వెనక ఎవరున్నారు? దాదాపు 37 ఏళ్ల కెవిన్ ఆలీ, 2007లో మోకాలు ఘోరంగా విరిగి మళ్లీ నిలదొక్కుకుంటున్న షాన్ లివింగ్‌స్టన్. ఆలీ వల్ల జట్టు పద్ధతే మారిపోయిందని డ్యురాంట్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. కానీ పద్ధతి నేర్పే పెద్దమనిషి వేరు, సీజన్ అంతా రాత్రికి 14 నిమిషాలు బంతి మోసేవాడు వేరు. అంతకుముందు బ్యాకప్‌గా ఉన్న ఎర్ల్ వాట్సన్‌ని 2009 జులైలో వదిలేశారు.

డ్రాఫ్ట్‌లో ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న వస్తుంది. 2009 డ్రాఫ్ట్ పాయింట్ గార్డ్‌ల పంట. 17 నుంచి 21 దాకా వరసగా ఐదుగురూ వాళ్లే: జ్రూ హాలిడే, టై లాసన్, జెఫ్ టీగ్, ఎరిక్ మేనర్, డారెన్ కాలిసన్. థండర్ వంతు 25 దగ్గర వచ్చేసరికి ఈ ఐదుగురూ అయిపోయారు. అక్కడ రోడ్రిగ్ బోబువాని తీసుకుని, అతని హక్కులు డల్లాస్‌కి ఇచ్చి బైరన్ ములెన్స్ అనే పొడుగు ఆటగాణ్ణి తెచ్చుకున్నారు. అలా జూన్‌లో అందని రకం ఆటగాడే డిసెంబర్‌లో అందాడు, అదీ దాదాపు ఉచితంగా. ఎలా అన్నది చూడాలంటే యూటా వైపు వెళ్లాలి.

అమ్మినవాళ్ల టెన్షన్

ఆ ఏడాది ఎన్‌బీఏ శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు జీతాలకి లీగ్ పెట్టిన మామూలు పరిమితి, 5 కోట్ల 77 లక్షల డాలర్లు. లగ్జరీ ట్యాక్స్ గీత దాదాపు 6 కోట్ల 99 లక్షలు. అప్పట్లో ఆ గీత దాటిన ప్రతి డాలర్‌కీ ఇంకో డాలర్ లీగ్‌కి కట్టాలి. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ట్యాక్స్ లెక్క వేసేది సీజన్ చివర్లో ఉన్న జీతాల మీద. అప్పటిలోగా ఎవరినైనా వదిలించుకుంటే అతని జీతం మొత్తం ఆ లెక్కలోంచి తప్పుకుంటుంది.

2009 వేసవిలో జాజ్‌కి అనుకోని చిక్కు వచ్చిపడింది. కార్లోస్ బూజర్, మెహ్మెట్ ఓకుర్, కైల్ కోర్వర్ ముగ్గురికీ ఒప్పందం వదులుకుని బయటికి వెళ్లే వీలుంది. ఒక్కరైనా వెళ్లి ఉంటే లెక్క వేరుగా ఉండేది. ముగ్గురూ ఉండిపోయారు. దాని మీద పోర్ట్‌లాండ్ జట్టు పాల్ మిల్‌సాప్‌కి నాలుగేళ్లకి దాదాపు 3 కోట్ల 20 లక్షల ఆఫర్ ఇచ్చింది. అతన్ని పోగొట్టుకోలేక జాజ్ ఆ మొత్తాన్ని తనే ఒప్పుకుంది. యూటా ఆదాయం తక్కువ ఉండే చిన్న మార్కెట్ జట్టు. బిల్లు చూసి ఆఫీసులో ఎవరికీ నిద్ర పట్టి ఉండదు.

హార్‌ప్రింగ్ జీతం 65 లక్షల డాలర్లు. మోకాలు, మడమ గాయాలతో అతను కోర్టులోకి దిగే ప్రశ్నే లేదు. మేనర్ జీతం సుమారు 13 లక్షలు. రెండూ కలిపితే 78 లక్షలు. ఆ మేరకు ట్యాక్స్ తగ్గుతుంది, పైగా మిగిలిన నెలల జీతం ఇవ్వక్కర్లేదు. మొత్తం ఆదా కోటి డాలర్లు దాటుతుంది.

అంటే జాజ్‌కి అసలు బరువు హార్‌ప్రింగ్ ఒప్పందం. ఆడలేని ఆటగాడి జీతాన్ని ఊరికే ఎవరు నెత్తిన పెట్టుకుంటారు? ఆ బరువు మోసినందుకు థండర్‌కి ఇచ్చిన కూలీ మేనర్. నేను ఈ ట్రేడ్‌ని మొదట చదివినప్పుడు మేనర్‌ని కొన్నారని అనుకున్నాను. లెక్క వేసి చూశాకే అర్థమైంది, థండర్ కొన్నది యూటా తలనొప్పిని.

థండర్ ఆ పని చెయ్యగలిగింది వాళ్ల దగ్గర క్యాప్ కింద ఖాళీ ఉంది కాబట్టి. క్యాప్ దాటిన జట్లు ట్రేడ్‌లో దాదాపు సమానమైన జీతాలు అటూ ఇటూ మార్చుకోవాలి. అప్పటి నిబంధన ప్రకారం పంపిన జీతానికి 125 శాతం, ఆ పైన లక్ష డాలర్ల వరకే తెచ్చుకోవచ్చు. ఖాళీ ఉన్న జట్టుకి ఆ బాధ లేదు, ఆ ఖాళీలోకి ఎవరినైనా ఇమిడ్చుకోవచ్చు. ట్రేడ్ అన్నాక రెండు వైపుల నుంచీ ఏదో ఒకటి చేతులు మారాలి కనుక ఫేసె హక్కులు ఇచ్చారు. తాంబూలంలో రూపాయి బిళ్ల పెట్టినట్టు.

జనరల్ మేనేజర్ సామ్ ప్రెస్టీ ఆ ఖాళీని వేసవిలో ఒక మోస్తరు ఆటగాడికి పెద్ద జీతం ఇచ్చి నింపేసి ఉండొచ్చు. అభిమానులు సంతోషించేవాళ్లు. ఆయన ఆగాడు. టైమింగ్ కూడా చూడండి. ఆ సీజన్లో ట్రేడ్ గడువు ఫిబ్రవరి మధ్యలో. గడువు దగ్గరపడేకొద్దీ బ్యాకప్ పాయింట్ గార్డ్ కోసం నాలుగైదు జట్లు ఒక్కసారే ఎగబడతాయి, చవితి ముందురోజు సాయంత్రం పత్రి రేటులా ఉంటుంది బేరం. డిసెంబర్‌లో ఆ గిరాకీ లేదు. ఇంకో లాభం, కొత్తవాడికి జట్టుతో కలవడానికి నాలుగు నెలలు దొరికాయి. పాయింట్ గార్డ్ విషయంలో ఈ నాలుగు నెలలు డబ్బు కంటే విలువైనవి. షూటర్‌ని ఇవాళ తెచ్చి రేపు మూల నిలబెట్టొచ్చు. పాయింట్ గార్డ్‌కి మిగతా నలుగురిలో ఎవరికి బంతి ఎక్కడ అందాలో తెలియాలి.

ఇదే పద్ధతిలో 2010 జూన్‌లో మయామీ నుంచి డేక్వాన్ కుక్‌ని, దానితోపాటు 18వ నంబర్ పిక్‌ని (డ్రాఫ్ట్ వంతుని) తెచ్చారు. ఇచ్చింది 32వ నంబర్ పిక్ మాత్రమే. పెద్ద ఆటగాళ్ల కోసం ఖాళీ చేసుకోవాలన్న తొందర అప్పుడు మయామీది. ఈ కుక్ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తాడు.

ఈ ట్రేడ్‌కి ఒక బలి కూడా ఉంది. ఇద్దరు వస్తున్నారు, ఎవరూ వెళ్లడం లేదు కనుక జట్టులో చోటు కావాలి. అదే రోజు షాన్ లివింగ్‌స్టన్‌ని వదిలేశారు. 2004లో హైస్కూల్ నుంచి నేరుగా 4వ నంబర్ దగ్గర ఎంపికైన పిల్లవాడు, కాలు పోతుందేమో అన్నంత గాయం నుంచి లేచి వచ్చినవాడు, క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అదే లివింగ్‌స్టన్ తర్వాత గోల్డెన్ స్టేట్‌లో స్టీఫెన్ కరీ వెనక ఆడి 2015, 2017, 2018లో మూడు టైటిళ్లు అందుకున్నాడు. అలాగని థండర్ పొరపాటు చేసిందని నేను అనను. 2009 డిసెంబర్‌లో అతని మోకాలి గురించి ఎవరూ హామీ ఇవ్వలేరు. కాకపోతే బ్యాకప్ పాయింట్ గార్డ్‌లు ఆలస్యంగా పండుతారని, ఆ పంట మరొకరి పొలంలో చేతికి రావచ్చని ఈ ఉదాహరణ చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

మేనర్‌లో ఏముంది

బ్యాకప్ పాయింట్ గార్డ్‌ని చూసేటప్పుడు పాయింట్లు, అసిస్ట్‌ల (బుట్టకి దారితీసిన పాస్‌ల) కంటే ముందు నేను మూడు విషయాలు చూస్తాను. బంతి సగం కోర్టు దాటేసరికి షాట్ క్లాక్ మీద (షాట్ వెయ్యడానికి ఉన్న సమయంలో) ఎంత మిగిలింది, మొదటి స్క్రీన్ (సహచరుడు డిఫెండర్‌కి అడ్డు నిలబడటం) ఎప్పుడు పడింది? స్క్రీన్ దాటాక అతని కళ్లు రింగ్ మీద ఉన్నాయా, అవతలి మూల నిలబడినవాడి మీద ఉన్నాయా? బంతి పోగొట్టుకున్న తర్వాతి వంతులో ఏం చేశాడు, తప్పు కప్పిపుచ్చుకోవాలని తొందరపడ్డాడా, మామూలుగానే ఆడాడా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. బెంచ్ నుంచి వచ్చేవాడికి వేడెక్కే వ్యవధి ఉండదు, ఒక తప్పు జరిగితే కోచ్ మొహం వైపు చూస్తాడు. అలా చూసే కుర్రాడు ఆ రాత్రికి ఇక పనికిరాడు.

మేనర్ వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీలో నాలుగేళ్లూ ఆడాడు. 2007 మార్చిలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల) టోర్నీ మొదటి రౌండ్‌లో డ్యూక్ యూనివర్సిటీ మీద 1.8 సెకన్లు మిగిలుండగా షాట్ వేసి 79-77తో గెలిపించాడు. పేరు తెచ్చింది ఆ షాట్. నేనైతే దానికంటే ఆ నాలుగేళ్లకే ఎక్కువ విలువ ఇస్తాను. ప్రతి మ్యాచ్‌లో అవతలి జట్టు ప్రణాళిక అంతా తన మీదే ఉంటే, నాలుగు సీజన్లు బంతి మోసిన అనుభవం అది. ఎన్‌బీఏకి వచ్చేసరికి 22 ఏళ్లు. ఈ బ్యాకప్ వెస్ట్‌బ్రుక్ కంటే, డ్యురాంట్ కంటే, హార్డెన్ కంటే వయసులో పెద్దవాడు.

ఆట తీరు వెస్ట్‌బ్రుక్‌కి పూర్తిగా ఎదురు. ఆరడుగుల మూడంగుళాలు, సన్నటి మనిషి. ఎగిరి డంక్ చేసే రకం కాదు. బంతిని కింద కొడుతూ నింపాదిగా వస్తాడు, స్క్రీన్ పక్కన ఒక్క క్షణం ఆగి డిఫెండర్‌ని వీపు వెనక పెట్టుకుని, అవతలి పెద్ద ఆటగాడు ముందుకొస్తాడా వెనక్కి తగ్గుతాడా అని చూస్తాడు. అప్పుడు పాస్, లేదంటే చిన్న ఫ్లోటర్ (పెద్ద ఆటగాడి చేతుల మీదుగా మెల్లగా ఎత్తి వేసే షాట్). వెస్ట్‌బ్రుక్ ఉన్నప్పుడు వేగంగా పరిగెత్తే జట్టు, మేనర్ వచ్చాక ఊపిరి పీల్చుకుంటుంది.

బ్యాకప్ మొదటివాడిలాగే ఆడాలా, వేరుగా ఆడాలా అన్నది కోచ్‌ల మధ్య పాత వాదన. ఒకేలా ఆడితే మిగతావాళ్లకి అలవాటు తప్పదు, నిజమే. కానీ వెస్ట్‌బ్రుక్ లాంటివాడికి నకలు ఎక్కడ దొరుకుతుంది? దొరికేది చౌకరకం నకలు, తప్పులన్నీ ఉండి బలం లేనిది. వేరే తీరువాణ్ణి తేవడమే సరైనదని నేను నమ్ముతాను, ఒక్క షరతు మీద: ఆ తీరుకి తగిన నలుగుర్ని అతనితో దింపాలి. బ్రూక్స్ అదే చేశాడు. హార్డెన్, నిక్ కాలిసన్ లాంటివాళ్లు మేనర్‌తో కలిసి రెండో దళం అయ్యారు. కాలిసన్ స్క్రీన్ పెట్టడంలో ఉద్దండుడు. స్క్రీన్‌ని వాడుకోవడం తెలిసిన పాయింట్ గార్డ్‌కి అంతకంటే ఏం కావాలి.

2009-10లో థండర్ 50 మ్యాచ్‌లు గెలిచింది. బ్రూక్స్‌కి ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది. అదంతా మేనర్ వల్లే అనడం అన్యాయం, డ్యురాంట్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టిన ఏడాది అది. మేనర్ లెక్క చిన్నది, స్పష్టమైనది. 2010-11లో వెస్ట్‌బ్రుక్ మ్యాచ్‌కి సగటున 34.7 నిమిషాలు ఆడాడు. మేనర్ 82 మ్యాచ్‌లూ ఆడాడు, ఒక్కదాంట్లోనూ మొదటి ఐదుగురిలో లేడు, సగటు 14.6 నిమిషాలు, 4.2 పాయింట్లు, 2.9 అసిస్ట్‌లు. ఈ అంకెలు చూసి ఎవరూ జెర్సీ కొనరు. కానీ ఆ 14 నిమిషాల గురించి కోచ్ సీజన్ అంతా ఒక్కసారి కూడా ఆలోచించాల్సిన పని లేకపోయింది.

డల్లాస్‌లో ఆ పన్నెండు నిమిషాలు

2011 మే 19, వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ (పశ్చిమ విభాగం ఫైనల్ సిరీస్) రెండో మ్యాచ్, డల్లాస్‌లో. మొదటి మ్యాచ్‌లో డల్లాస్ ఆటగాడు డిర్క్ నోవిట్జ్‌కీ 48 పాయింట్లు కొట్టి థండర్‌ని చితక్కొట్టాడు. వేసిన 24 ఫ్రీ త్రోలూ పడ్డాయి. అప్పటికే వెస్ట్‌బ్రుక్ మీద విమర్శలు మోత మోగుతున్నాయి, డ్యురాంట్‌కి ఇవ్వకుండా తనే షాట్లు వేస్తున్నాడని. డెన్వర్‌తో ఒక మ్యాచ్‌లో ఏకంగా 30 షాట్లు వేశాడు.

రెండో మ్యాచ్ మూడో క్వార్టర్ చివర్లో బ్రూక్స్ అతన్ని బయటికి పిలిచాడు. బెంచ్ దగ్గర కోచింగ్ బృందంతో మాటా మాటా అయింది. నాలుగో క్వార్టర్ మొదలైంది. కోర్టులో మేనర్, హార్డెన్, కుక్, కాలిసన్, డ్యురాంట్. నలుగురు బెంచ్ ఆటగాళ్లు, ఒక్క డ్యురాంట్. మామూలుగా అయితే ఆరేడు నిమిషాలు మిగిలుండగా మొదటి ఐదుగురూ వెనక్కి వస్తారు. వెస్ట్‌బ్రుక్ రాలేదు. పన్నెండు నిమిషాలూ కూర్చునే ఉన్నాడు. అది కాన్ఫరెన్స్ ఫైనల్, బయటి కోర్టు, కూర్చున్నది ఆల్‌స్టార్.

థండర్ 106-100తో గెలిచింది. డ్యురాంట్ 24, హార్డెన్ 23, మేనర్ 13. బెంచ్ నుంచి మొత్తం 50 పాయింట్లు.

కోచ్‌గా నేను ఆ క్వార్టర్‌ని చూసేటప్పుడు నా కళ్లు మేనర్ షాట్ల మీద నిలవవు. బ్రూక్స్ చేతుల మీద నిలుస్తాయి. ఆ రాత్రి ఆయన చేతిలో నిజంగానే రెండు దారులున్నాయి. రెండోవాడి మీద నమ్మకం లేని కోచ్ ఏం చేస్తాడు? స్టార్ తప్పు మీద తప్పు చేస్తున్నా పళ్లు బిగబట్టి ఆడిస్తాడు, ఆపలేడు. నేను అలా ఎన్నిసార్లు పళ్లు బిగబట్టానో నాకు తెలుసు. ఏడాదిన్నర కిందట ఒక ఒప్పందం బరువు మోసి తెచ్చుకున్న కుర్రాడు ఆ రాత్రి కోచ్‌కి ఇచ్చింది ఆ రెండో దారి.

దీనికి ఇంకో వైపు ఉంది. మర్నాటి నుంచి చర్చ అంతా వెస్ట్‌బ్రుక్ పాయింట్ గార్డ్ అవునా కాదా అన్నదాని మీదికి తిరిగింది. మంచి బ్యాకప్ ఉంటే, మొదటివాణ్ణి కొట్టడానికి జనానికి కర్ర దొరుకుతుంది. ఇది నిజమైన ప్రమాదం. మా జట్లలో కూడా తల్లిదండ్రులే వచ్చి "రెండోవాడు బాగా ఆడుతున్నాడు కదండీ" అంటారు, అది మొదటి కుర్రాడి చెవిన పడుతుంది. బ్రూక్స్ తొణకలేదు. మూడో మ్యాచ్‌లో వెస్ట్‌బ్రుక్ యథావిధిగా మొదటి ఐదుగురిలో ఉన్నాడు, మేనర్ యథావిధిగా బెంచ్ మీద. ఆ సిరీస్ డల్లాస్ 4-1తో గెలిచింది, ఆ తర్వాత ఛాంపియన్ కూడా అయింది. థండర్ గెలిచిన ఒక్క మ్యాచ్ ఇదే.

ఈ మ్యాచ్ చూశాకే నా ప్రాక్టీస్‌లో ఒకటి మార్చాను. వారానికి రెండుసార్లు, ఆఖరి పావుగంట ఆటలో మొదటి పాయింట్ గార్డ్‌ని పక్కన కూర్చోబెట్టి స్కోరు రాయమంటాను. రెండోవాడే బంతి తెస్తాడు, అవతలి ఐదుగురూ ప్రెస్ చేస్తారు. మొదటి నెల చూడలేకపోయాం. రెండో నెలకి రెండోవాడు తల ఎత్తి ఆడటం మొదలుపెట్టాడు.

లెక్క మారిన రోజు

2012 జనవరి 7న హ్యూస్టన్‌లో మేనర్ కుడి మోకాలి లిగమెంట్ తెగింది. లాకౌట్ (ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులు లీగ్ ఆపడం) వల్ల ఆలస్యంగా మొదలైన ఆ సీజన్లో అప్పటికి తొమ్మిది మ్యాచ్‌లే ఆడాడు. సీజన్ ముగిసిపోయింది.

ఇక్కడ ఈ కేసు నన్ను ఇబ్బంది పెడుతుంది, దాచడం నాకు ఇష్టం లేదు. మేనర్ లేకుండానే థండర్ ఆ ఏడాది ఫైనల్స్‌కి వెళ్లింది. మయామీ చేతిలో 4-1తో ఓడింది కానీ, వెళ్లడమైతే వెళ్లింది. మరి మేనర్ అంత ముఖ్యమా?

ఏం జరిగిందో చూడాలి. రెండో దళం పగ్గాలు హార్డెన్ చేతికి వచ్చాయి, ఆ సీజన్ ఉత్తమ సిక్స్త్ మ్యాన్ (బెంచ్ ఆటగాడు) అతనే. డ్రాఫ్ట్‌లో 24వ నంబర్ దగ్గర తీసుకున్న కొత్త కుర్రాడు రెజ్జీ జాక్సన్‌కి అర్ధాంతరంగా బాధ్యత మీద పడింది. అతను ఇంకా సిద్ధంగా లేడు. దాంతో మార్చిలో, లేకర్స్ నుంచి హ్యూస్టన్‌కి ట్రేడ్ అయి అక్కడి ఒప్పందం నుంచి బయటపడిన 37 ఏళ్ల డెరెక్ ఫిషర్‌ని తెచ్చారు. ఒక్క మేనర్ స్థానం పూడ్చడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది, అందులో ఒకడు, హార్డెన్, ముందు ముందు ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు) కాబోయేవాడు. హార్డెన్ లేని జట్టు అయి ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయ్యేది.

2012 అక్టోబర్‌లో హార్డెన్‌ని హ్యూస్టన్‌కి ట్రేడ్ చేశాక బ్యాకప్ పాయింట్ గార్డ్ అవసరం మళ్లీ ముందుకొచ్చింది. మేనర్ తిరిగి వచ్చాడు కానీ పాత మేనర్ కాదు. అతని ఆటలో వేగం ఎప్పుడూ పెద్ద పెట్టుబడి కాదు. అయినా స్క్రీన్ పక్కన డిఫెండర్‌ని వీపు వెనక పెట్టుకోవడానికి ఆ మొదటి అడుగు ఉండాలి. అది తగ్గింది. జాక్సన్ అప్పటికి పెరిగాడు, మేనర్ నిమిషాలు జాక్సన్‌కి వెళ్లాయి.

యూటా సంగతి కూడా ఒక మాట. 2010లో వాళ్లు డెరాన్ విలియమ్స్ వెనక ఆడటానికి తెచ్చుకున్నది ఎర్ల్ వాట్సన్‌ని, అదే థండర్ ఏడాది కిందట వదిలేసిన వాట్సన్. 2011 ఫిబ్రవరిలో కోచ్ జెర్రీ స్లోన్ తప్పుకున్నాడు. రెండు వారాల్లోనే విలియమ్స్‌ని న్యూజెర్సీకి పంపేశారు. అప్పటికి మేనర్ యూటాలోనే ఉండి ఉంటే తక్కువ జీతానికి ఇంకా రెండేళ్లు వాళ్ల చేతిలో ఉండే పాయింట్ గార్డ్. అయినా నేను వాళ్లని తప్పుపట్టను. కోటి డాలర్ల బిల్లు ఇవాళ్టిది, విలియమ్స్ వెళ్లిపోవడం అప్పటికి ఎవరి ఊహలోనూ లేనిది.

2013 ఫిబ్రవరి 21న థండర్ మేనర్‌ని పోర్ట్‌లాండ్‌కి ఇచ్చింది. బదులుగా వచ్చింది సుమారు 23 లక్షల డాలర్ల ట్రేడ్ ఎక్సెప్షన్ (తర్వాతి ట్రేడ్‌లో ఆ జీతం మేరకు ఆటగాణ్ణి తెచ్చుకునే వీలు), గియోర్గోస్ ప్రింటెజిస్ అనే గ్రీకు ఆటగాడి హక్కులు. తొమ్మిది నెలల కిందటే యూరోలీగ్ ఫైనల్లో ఒలింపియాకోస్‌కి ఆఖరి క్షణంలో షాట్ వేసి 62-61తో టైటిల్ తెచ్చినవాడు ఈ ప్రింటెజిస్. అతను కూడా ఎన్‌బీఏకి రాలేదు. మేనర్ మిగిలిన సీజన్ పోర్ట్‌లాండ్‌లో డేమియన్ లిల్లార్డ్ వెనక ఆడాడు. ఆ తర్వాత వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, ఇటలీలో వరేసే.

ఆ ట్రేడ్ జరిగిన రెండు నెలలకి, ఏప్రిల్ 24న ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాతి నాకౌట్ సిరీస్‌లు) మొదటి రౌండ్‌లో, హ్యూస్టన్ గార్డ్ ప్యాట్రిక్ బెవర్లీ బంతి కోసం మీదికి రావడంతో వెస్ట్‌బ్రుక్ కుడి మోకాలికి దెబ్బ తగిలింది, మెనిస్కస్ (మోకాలిలోని మృదులాస్థి) చిరిగింది. ఎన్‌బీఏలోకి వచ్చాక అప్పటిదాకా అతను ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఏప్రిల్ 27న హ్యూస్టన్‌లో మూడో మ్యాచ్. థండర్ పాయింట్ గార్డ్‌గా మొదటి ఐదుగురిలో దిగినవాడు రెజ్జీ జాక్సన్. మేనర్ గాయంతో పదిహేను నెలల కిందట హఠాత్తుగా కోర్టులోకి దిగి, తడబడుతూ, ఒక్కో మ్యాచ్ ఆడుతూ నేర్చుకున్న కుర్రాడు. థండర్ 104-101తో గెలిచింది.